పెళ్లికి వచ్చే పొరుగూరి చుట్టాలను హైదరాబాదులో ఎక్కడ ఏం తినమని చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వచ్చే ఫాల్గుణ మాసంలో హైదరాబాదులోనే జరుగుతుంది. మగపెళ్లివారు విజయనగరం నుంచి, నా పుట్టింటివారు చెన్నై నుంచి, కాబోయే అల్లుడి స్నేహితులు కొందరు అమెరికా నుంచి వస్తున్నారు. మొత్తం సుమారు 60 మందికి లక్డీకాపూల్‌లో విడిది ఏర్పాటు చేశాం. కల్యాణ మండపం హిమాయత్‌నగర్‌లో ఉంది. ముహూర్తం రాత్రి 11 గంటల తరువాత. అందరూ ముందురోజు ఉదయం దిగి, పెళ్లి మరునాడు సాయంత్రం తిరుగు ప్రయాణమవుతారు. ఊళ్లో పేరున్న 40 హోటళ్లతో జాబితా తయారుచేసి అందరి ఫోన్లకూ పంపుదామని మా అబ్బాయి అంటాడు. మగపెళ్లివారిని బయట తినమని చెప్పడం మర్యాద కాదని మావారంటారు. మా చెన్నై వాళ్లకేమో కాఫీ బాగుండకపోతే రోజు గడవదు. ఏం చేయమంటారు? (ఒక పెళ్లికూతురి తల్లి, హైదరాబాదు)

సమాధానం: అమ్మా, మీవారి మాటలోనూ మీ అబ్బాయి మాటలోనూ చెరిసగం న్యాయం ఉంది కనుక ముందు ఆ తగవు తీర్చి తరువాత హోటళ్ల సంగతికి వస్తాను. విడిదిలో దిగిన మగపెళ్లివారికి పొద్దుటి కాఫీ, టిఫిను, పెళ్లినాటి భోజనాలు ఆడపెళ్లివారే చూడాలన్నది ఇప్పటికీ ఎవరూ కాదనని పద్ధతి. అందులో లోటు జరిగితే ఎంత గొప్ప బిర్యానీ హోటలు పేరు చెప్పినా ఆ మాట పదేళ్ల తరువాత కూడా వినబడుతూనే ఉంటుంది. మీవారి భయం అదే, అది సరైన భయమే. అయితే మూడు పగళ్లు ఊళ్లో ఉండే 60 మంది మీరు పెట్టినది మాత్రమే తిని, మిగతా వేళల్లో గదుల్లో టీవీ చూస్తూ కూర్చుంటారని అనుకోవడానికి వీల్లేదు. వాళ్లు ఎలాగూ బయటికి వెళతారు. మీరు చెప్పకపోతే ఆటో డ్రైవరు చెప్పిన చోటికో, ఫోనులో పైన కనబడిన చోటికో వెళతారు. కనుక జాబితా పంపడంలో అమర్యాద ఏమీ లేదు, మీరు పెట్టవలసిన పూటకు అది బదులు కానంతవరకు. 40 పేర్లు మాత్రం వద్దు. 40 పేర్లు ఇచ్చారంటే మీకు ఊరు తెలుసునని తేలుతుందే తప్ప, వచ్చినవారికి ఎటు వెళ్లాలో తెలియదు. పది లోపు చాలు. అవి కూడా పేరును బట్టి కాక, వారికి ఖాళీ దొరికే వేళను బట్టి, విడిదికి ఉన్న దూరాన్ని బట్టి ఎంచుకోండి.

మీరు చెప్పిన వివరాలను బట్టి పూటలు లెక్కవేద్దాం. మూడు ఉదయాలూ కాఫీ, టిఫిను విడిదికి మీరే పంపాలి. మొదటి రాత్రి భోజనం కూడా మీరే పెడితే బాగుంటుంది. పెద్దవాళ్లు ప్రయాణపు బడలికతో బయటికి కదలరు, రెండు వైపులవారూ ఒకరినొకరు చూసుకోవడానికి అది మంచి వేళ. పెళ్లినాడు మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టిఫిను, రాత్రి విందు ఎలాగూ మీవే. ఇక వారి చేతికి మిగిలేవి మూడే: మొదటి రోజు మధ్యాహ్నం, ఆనాటి సాయంత్రం, మూడో రోజు మధ్యాహ్నం. మీ జాబితా ఈ మూడు ఖాళీలకే రాయాలి. ఇలా విడగొట్టి చూపిస్తే మీవారు కూడా అభ్యంతరం చెప్పరనుకుంటాను.

హోటళ్లకన్నా ముందు కాఫీ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలైన చిక్కు అక్కడే ఉంది. చెన్నై నుంచి వచ్చే పెద్దలు తెల్లవారుజామున 5 గంటలకే లేచి కూర్చుంటారు. ఆ వేళకు చాలా హోటళ్లు తెరవవు, గదిలో పెట్టే కెటిలూ పొడి పొట్లాలూ వారికి కాఫీ కిందికి రావు. అందువల్ల వంటవారితో ముందే మాట్లాడి, ఒక మనిషిని 5 గంటలకల్లా విడిదిలో కాఫీ కోసమే ఉంచమని చెప్పండి. పెళ్లిళ్లలో కాఫీ చెడిపోయేది చాలావరకు ఒకే కారణం వల్ల: డికాషన్ రాత్రే దించి స్టీలు క్యానులో పోసి ఉంచి, పొద్దున మళ్లీ మరిగిస్తారు. మళ్లీ మరిగిన డికాషన్‌కు వాసన పోయి చేదు మాత్రం మిగులుతుంది. ఆ చేదును కప్పడానికి పంచదార దట్టిస్తారు. డికాషన్ ఆ పూటకు ఆ పూటే ఫిల్టరులో దిగాలని, పొడిని నీళ్లలో వేసి కాచకూడదని, పంచదార విడిగా పెట్టాలని మూడు షరతులు పెట్టండి. మూడోది మధుమేహం ఉన్న పెద్దల కోసం.

లెక్క కూడా చెబుతాను. 60 మందిలో పిల్లలనూ టీ తాగేవారినీ తీసేస్తే ఒక విడతకు 40 కప్పులు అనుకోండి. కప్పుకు 25 నుంచి 30 మిల్లీలీటర్ల చిక్కని డికాషన్, 90 మిల్లీలీటర్ల దాకా పాలు కావాలి. అంటే విడతకు లీటరు పైచిలుకు డికాషన్, నాలుగు లీటర్ల వెన్న తీయని పాలు. పొడి కప్పుకు 10 గ్రాముల చొప్పున 400 గ్రాములు పడుతుంది. చికోరీ 20 శాతానికి మించని పొడిని రెండు రోజుల ముందు ఆడించి తెప్పించుకోండి. అంతకన్నా చికోరీ ఎక్కువైతే రంగు బాగా వస్తుంది గాని చెన్నై వాళ్లు మొదటి గుక్కలోనే పట్టేస్తారు. పెద్ద ఫిల్టరులో డికాషన్ పూర్తిగా దిగడానికి అరగంట పైనే పడుతుంది కనుక కాఫీ 5 గంటలకు కావాలంటే నీళ్లు నాలుగుంబావుకే పొయ్యి ఎక్కాలి. పాలు గంటలకొద్దీ సన్నని మంటమీద ఉంచితే అడుగంటిన వాసన వస్తుంది. రెండు చిన్న గిన్నెల్లో మార్చి మార్చి కాచమనండి. విజయనగరం వారికి టీ కూడా అదే బల్లమీద ఉండాలి. ఇంత చేశాక ఉదయపు కాఫీ గురించి మీ జాబితాలో రాయవలసిన అవసరమే ఉండదు.

పగటివేళ బయట ఫిల్టరు కాఫీ తాగాలనిపించినవారికి రెండు పేర్లు చాలు. అబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటలు 1948 నుంచి ఉన్న శాకాహార హోటలు. పాతకాలపు భవనం, ఇడ్లీ, వడ, పూరీ, ఆ తరువాత కాఫీ. లక్డీకాపూల్ నుంచి దగ్గరే. హిమాయత్‌నగర్‌లోని మినర్వా కాఫీ షాప్ మీ మండపం దరిదాపుల్లో ఉంది కనుక పెళ్లినాటి సాయంత్రం మండపంలో గోల భరించలేక బయటికి వచ్చే మామయ్యలకు అదే దిక్కు. అమెరికా నుంచి వచ్చే కుర్రవాళ్లకు మాత్రం వేరే రకం కాఫీ కావాలి. వారికి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 14లోని రోస్టరీ కాఫీ హౌస్ పేరు చెప్పండి. తోటల పేర్లు, వేయింపు తీరు రాసిపెట్టి గింజలు అమ్మే చోటది. శని, ఆదివారాల్లో అక్కడ జనం ఎక్కువ. పొద్దున్నే వెళితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. భౌగోళిక గుర్తింపు 2019లో పొందిన మన అరకు అరబికా పొడి ఒక్కో పొట్లం ఆ కుర్రవాళ్ల చేతిలో పెట్టారంటే అంతకన్నా బాగా గుర్తుండే కానుక ఉండదు. విజయనగరం నుంచి వచ్చేవారికి ఇవ్వకండి, అది వాళ్ల పక్కింటి సరుకు.

ఇక ఈ ఊరి సొంత పానీయం కాఫీ కాదు, ఇరానీ చాయ్. దాని పద్ధతి తెలియక చెన్నై వాళ్లు ఒక గుక్క తాగి, తీపి ఎక్కువైందని పక్కన పెట్టేస్తారు కనుక ముందే రెండు మాటలు చెప్పి పంపండి. టీ ఆకును మూత బిగించిన పాత్రలో చాలాసేపు సన్నని సెగమీద మగ్గనిచ్చి డికాషన్ చేస్తారు. పాలను విడిగా, చిక్కబడేదాకా మరిగిస్తారు. కప్పులో రెండూ అప్పటికప్పుడు కలుపుతారు. పాలు ఎక్కువగా కావాలంటే ‘పౌనా’ అని అడగాలి. పక్కన ఉస్మానియా బిస్కెట్టు ఉండి తీరాలి: ఒకవైపు తీపి, వెనకనే సన్నగా ఉప్పు, చాయ్‌లో ముంచిన మరుక్షణం తీసేయకపోతే విరిగి అడుగుకు చేరుతుంది. విడిదికి దగ్గరలో రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ కేఫ్ ఉంది కాబట్టి చాయ్ కోసమే పాతబస్తీ దాకా పోనక్కరలేదు. చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో రుచితోపాటు ఎదురుగా 1591 నాటి కట్టడం కనబడుతుంది. మొదటిసారి వచ్చినవారికి ఆ లెక్క వేరు.

మీరు ఉత్తరంలో రాయని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. రెండూ చంద్రుణ్ణి బట్టి లెక్కించే నెలలే కనుక ఈసారి, అంటే 2026లో, ఫాల్గుణమూ రంజాన్ మాసమూ దాదాపు కలిసి నడుస్తున్నాయి. జాబితాలో సగం పేర్ల వేళలు దీనివల్ల తారుమారవుతాయి. పాతబస్తీలో చాలా హోటళ్లు పగలు మూసి ఉంటాయి, లేదా తెరలు దించుకుని నడుస్తాయి. మామూలు రోజుల్లో పొద్దుటి ఫలహారంగా దొరికే నహారీ, పాయా అనే మాంసపు పులుసులు ఈ నెలలో సహరీ వేళకు, అంటే తెల్లవారకముందే అయిపోతాయి. కనుక ‘మదీనా కూడలి దగ్గర షాదాబ్ హోటల్లో పొద్దున నహారీ’ అని మీ అబ్బాయి జాబితాలో ఉంటే దాన్ని తీసేయించండి. అదే సమయంలో, మిగతా ఏడాదిలో కనబడని ఊరు ఈ నెల రాత్రుల్లో కనబడుతుంది. ఆ అదృష్టాన్ని చుట్టాలకు దక్కనివ్వాలంటే మొదటి సాయంత్రాన్ని దానికే కేటాయించాలి.

ముందు మొదటి మధ్యాహ్నం సంగతి. రాత్రి రైళ్లలో వచ్చి, స్నానాలు చేసి, టిఫిను తిని, ఒక కునుకు తీసి లేచేసరికి ఒంటిగంట అవుతుంది. ఆ వేళకు ప్రతివారికీ బిర్యానీయే కావాలి. సికింద్రాబాదులో 1953 నాటి ప్యారడైజ్ పేరు అందరికీ తెలుసు కనుక అక్కడికే వెళతామంటారు. లక్డీకాపూల్ నుంచి ట్యాంక్‌బండ్ దాటి అంతదూరం వెళ్లి, వరుసలో నిలబడి, తిని తిరిగి వచ్చేసరికి సాయంత్రం అయిపోతుంది. బషీర్‌బాగ్, హైదర్‌గూడ వైపున ఉన్న కేఫ్ బహార్ విడిదికీ మండపానికీ మధ్యలో పడుతుంది. నా మటుకు నాకు అక్కడి మటన్ బిర్యానీ కోసం ఇంకా దూరం నుంచి రావచ్చు. రంజాన్ కాబట్టి బయల్దేరే ముందు ఫోను చేసి మధ్యాహ్నం వడ్డిస్తున్నారో లేదో కనుక్కోమనండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని బావర్చీ మరో పేరు. ఊరంతా అదే పేరుతో బోర్డులు ఉంటాయి గాని వాటికీ దీనికీ సంబంధం లేదు, కనుక జాబితాలో ‘ఆర్టీసీ క్రాస్‌రోడ్స్’ అన్న మాట తప్పక రాయండి.

కొత్తవారికి బిర్యానీ గురించి చెప్పవలసినది కొంచెం ఉంది. హైదరాబాదు పద్ధతి కచ్చీ బిర్యానీ: మసాలా, పెరుగు పట్టించి నానబెట్టిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూత అంచులకు పిండి అతికించి దమ్ము మీద వండుతారు. అందుకే పళ్లెంలో పైన తెల్లని మెతుకులే కనబడినా కంగారు పడకూడదు. అసలు మసాలా అడుగున ఉంటుంది, గరిటె కిందికి దిగాలి. పక్కన ఇచ్చే మిర్చీ సాలన్ పలచగా, పుల్లగా, నువ్వులు, పల్లీల రుచితో ఉంటుంది; దాన్ని పప్పుచారులా అన్నం మునిగేలా పోసుకుంటే బిర్యానీ పోతుంది. ఇలాంటి చోట్ల పదిహేనుమంది ఒక్కసారిగా వెళ్లి ఒకే బల్ల అడిగితే గంట నిలబడవలసిందే. నలుగురైదుగురు చొప్పున వెళితే పావుగంటలో కూర్చుంటారు. ఒక ఫుల్ ప్లేటు ఇద్దరికి సరిపోయి ఇంకా మిగలవచ్చు.

మసాలా పడనివారికి, బియ్యానికి బదులు మరొకటి కావాలనేవారికి లక్డీకాపూల్‌లోనే రాయలసీమ రుచులు హోటలు ఉంది. విజయనగరం వారికి రాగిసంకటి, నాటుకోడి పులుసు ఇంటి వంట కాదు కనుక కొత్తగానూ ఉంటుంది, తెలుగు కారం కనుక పరాయిగానూ ఉండదు. సంకటి ముద్దను నమలకుండా పులుసులో ముంచి మింగాలని పిల్లలకు చెప్పడం మరచిపోకండి, ఆ గమ్మత్తు వాళ్లకు నచ్చుతుంది. శాకాహారులకు ముందు చెప్పిన తాజ్‌మహల్ హోటల్లో మధ్యాహ్నం భోజనం ఉంటుంది. బయట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మడి పెద్దలు ఇద్దరు ముగ్గురు ప్రతి పెళ్లిలోనూ ఉంటారు. వారి పేర్లు ముందే కనుక్కుని, మీ ఇంటి నుంచే అన్నం, చారు, పెరుగు పంపండి. వారికి జాబితా పంపడమే తప్పు.

మొదటి సాయంత్రం చార్మినార్‌కు. లక్డీకాపూల్ నుంచి మెట్రోలో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా వెళ్లి అక్కడి నుంచి ఆటో తీసుకోవడం మంచిది. చార్మినార్ దాకా మెట్రో లేదు, కార్లలో వెళితే నిలపడానికి చోటు దొరకదు. ఆడవాళ్లకు లాడ్ బజారులో లక్క గాజుల పని ఎలాగూ ఉంటుంది. ఆ రోజుల్లో సూర్యాస్తమయం ఆరుంబావు ప్రాంతంలో అవుతుంది. సరిగ్గా ఆ వేళకు హోటలుకు వెళ్లి చాయ్ అడగవద్దని మీవాళ్లకు చెప్పండి. వడ్డించేవారే రోజంతా ఉపవాసం ఉండి ఖర్జూరం నోట్లో వేసుకునే నిమిషాలవి. అయిదు గంటలకు చేరి గాజుల బజారు చూసుకుని, ఏడు దాటాక తినడానికి కూర్చుంటే అందరికీ సుఖం. చీకటిపడిన తరువాత ఆ వీధుల్లో కాలు మోపడానికి సందు ఉండదు కనుక చంటిపిల్లలున్నవారూ, మోకాళ్ల నొప్పులున్నవారూ ఎనిమిదికల్లా వెనక్కి బయల్దేరడం మంచిది. రాత్రి భోజనం మీరు పెడుతున్నారు కాబట్టి అక్కడ రుచి చూడటమే తప్ప కడుపు నింపుకోవడం వద్దని కూడా ఒక మాట చేర్చండి.

రుచి చూడవలసినది హలీం. గోధుమ, మాంసం, పప్పులు, నెయ్యి, మసాలాలు పెద్ద డేగిసాల్లో కట్టెల భట్టీమీద పొద్దుటి నుంచి ఉడుకుతూ ఉంటే, ఇద్దరేసి మనుషులు పొడవాటి కర్ర గుత్తులతో గంటల తరబడి మెదుపుతారు. చివరికి పీచు ఏదో గోధుమ ఏదో తెలియనంత జిగురుగా మారుతుంది. పైన వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన వంటకం ఇది. చార్మినార్ వైపు వెళితే షాలిబండ దగ్గర పిస్తా హౌస్ ఉంది. అంతదూరం వెళ్లలేనివారికి విడిదికి దగ్గరలో మాసబ్‌ట్యాంక్ కేఫ్ 555 ఉంది. వేడి తగ్గితే నెయ్యి పేరుకుని బరువుగా అనిపిస్తుంది కనుక అక్కడే నిలబడి తినడం మేలు. ఒక ప్లేటు ఇద్దరు పంచుకుంటే చాలు, చూడటానికి కొద్దిగా కనబడినా కడుపులో కూర్చుంటుంది. దీనిలో మాంసం ముక్కలుగా కనబడదు కాబట్టి శాకాహారులైన పిల్లలకు గోధుమ జావ అనుకుని ఎవరైనా పెట్టేసే ప్రమాదం ఉంది. జాబితాలో ఆ పేరు పక్కన మాంసాహారమని స్పష్టంగా రాయండి.

పెళ్లిరోజుకు మీ జాబితాలో హోటళ్లు పెట్టకండి. ముహూర్తం అర్ధరాత్రికి దగ్గరగా ఉన్నప్పుడు మధ్యాహ్నం బిర్యానీ తిని నిద్రపోయినవారు సాయంత్రం టిఫినుకు రారు, రాత్రి విందులో వడ్డించినది విస్తట్లో వదిలేస్తారు. వంటవారి లెక్క, మీ ఖర్చు రెండూ తప్పుతాయి. పొద్దున్నే లేచి తిరిగే అలవాటున్న కుర్రవాళ్లు ఉంటే మాత్రం గుల్జార్ హౌజ్ దగ్గర చార్‌కమాన్‌లో గోవింద్ దోశ బండికి పంపండి. పెనంమీద దోశ వేసి, వెన్న రాసి, ఉప్మా, చట్నీ, కారప్పొడి దానిమీదే పామి, అట్లకాడతో ముక్కలు చేసి ఇస్తారు. పాతబస్తీలో చాలా తలుపులు మూసి ఉండే రంజాన్ ఉదయాల్లో కూడా దొరికే శాకాహారపు ఫలహారం అది. తొమ్మిదికల్లా విడిదికి తిరిగి రావాలన్న షరతు పెట్టండి.

అమెరికా కుర్రవాళ్లలో కొందరికి కాలం తేడావల్ల రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, ఆకలి వేస్తుంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండి తెల్లవారుజామున మూడింటికే దోశలు వేయడం మొదలుపెట్టి పేరు తెచ్చుకున్న చోటు. మీ వైపు బంధువుల్లో ఊరు తెలిసిన ఒక కుర్రవాణ్ణి వాళ్లకు తోడు ఇవ్వండి.

మూడో రోజు అందరూ అర్ధరాత్రి దాటాక పడుకుని ఆలస్యంగా లేస్తారు. సామాన్లు సర్దుకోవడం, ఊరికి ఏదైనా కొనుక్కుని వెళ్లడం తప్ప పెద్ద భోజనానికి ఓపిక ఉండదు. ఆ మధ్యాహ్నానికి మొజంజాహీ మార్కెట్ ఒక్కటే రాయండి; నిజాం రెండో కుమారుడి పేరుతో 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్ చుట్టుపక్కలే అన్ని పనులూ అయిపోతాయి. లోపల ఫేమస్ ఐస్‌క్రీమ్ దుకాణం ఉంది. పండ్ల గుజ్జుతో కాలాన్ని బట్టి చేస్తారు. మీ పెళ్లి నాటికి సీతాఫలం కాలం అయిపోయి ఉంటుంది, మామిడి ఇంకా వచ్చి ఉండదు. కనుక ఆ రెండింటి పేర్లూ ఊరించి రాయకుండా ‘ఆ రోజు ఏ పండు ఉందో అడగండి’ అని రాస్తే సరిపోతుంది. పక్కనే 1953 నుంచి ఉన్న కరాచీ బేకరీలో ఫ్రూట్ బిస్కెట్లు, నాంపల్లిలో సుభాన్ బేకరీలో ఉస్మానియా బిస్కెట్లు కొనుక్కోవచ్చు. బిస్కెట్లు పది రోజులు నిలవ ఉంటాయి, రైల్లో నలిగిపోకుండా డబ్బాల్లోనే తీసుకోమనండి. నేతి మిఠాయి కావాలనే విజయనగరం పెద్దలకు అబిడ్స్‌లో పుల్లారెడ్డి దుకాణం ఉంది. రైల్లో తినడానికి బిర్యానీ కట్టించుకుంటామనేవారిని ఆపలేరు గాని, హలీం మాత్రం కట్టించుకోవద్దని చెప్పండి.

తిరుగు ప్రయాణపు రైలు ఏ స్టేషను నుంచో టిక్కెట్టులో మళ్లీ చూసుకోమని కూడా మూడో రోజు పొద్దున్నే ఒక సందేశం పంపించండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని బండ్లు అటు మారాయి. లక్డీకాపూల్ నుంచి నాంపల్లి పది నిమిషాల దారి అయితే చర్లపల్లికి సాయంత్రపు రద్దీలో గంటన్నర చేతిలో ఉంచుకోవాలి. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తింటూ ఆలస్యం చేయగలిగేదీ లేనిదీ దీన్నిబట్టే తేలుతుంది.

జాబితా ఎలా రాయాలన్నది చివరి సంగతి. ఒక్కో ఖాళీ పూటకు రెండు మూడు పేర్లు, ఒక్కో పేరు పక్కన శాకాహారమో మాంసాహారమో, విడిది నుంచి ఎంతసేపు పడుతుందో, దగ్గరి మెట్రో స్టేషను లేదా అందరికీ తెలిసిన గుర్తు, రంజాన్‌లో తెరిచే వేళ. ఇంతకు మించి అక్కరలేదు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించండి, చెన్నైలో పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చాలామంది చదవలేరు. ఫోనులో పంపడంతోపాటు పెద్దవాళ్ల కోసం పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ఒక్కో గదిలో ఒక్కో కాగితం పెట్టండి. మగపెళ్లివారికి మాత్రం అది ఫోనులో హఠాత్తుగా వచ్చి పడకూడదు. మొదటి రోజు విడిదిలో టిఫిను వడ్డించే వేళ మీవారే స్వయంగా వెళ్లి, ‘అన్నయ్యగారూ, రాత్రి భోజనానికి మనమంతా ఇక్కడే కూర్చుందాం, ఈలోగా పిల్లలు ఊరు చూస్తామంటే ఇందులో కొన్ని పేర్లున్నాయి, కార్లు కింద సిద్ధంగా ఉన్నాయి’ అని వియ్యంకుడి చేతిలో పెడితే ఆయన కోరిన మర్యాద నిలుస్తుంది, మీ అబ్బాయి శ్రమ కూడా వృథా పోదు. కార్లకు ఆ ఒక్క మధ్యాహ్నానికీ డ్రైవర్లను ముందే మాట్లాడుకోండి.